తుప్పా, తళుకా, రంగా? పార్కులో ఉక్కు శిల్పం నిలబడే తీరు

షికాగో వెళ్లొచ్చిన మనవాళ్ల ఫోన్లలో ఒక ఫొటో తప్పకుండా ఉంటుంది. మిలీనియం పార్కులో అద్దంలా మెరిసే ఒక ఉబ్బెత్తు ఆకారం, అందులో ఒంగిపోయి కనిపించే మేడలు, ఆకాశం, ఫోను పట్టుకుని నిలబడ్డ వాళ్ల సొంత మొహాలు. ముంబైలో పుట్టిన అనీష్ కపూర్ రూపొందించిన ఈ శిల్పం పేరు ‘క్లౌడ్ గేట్’. ఊళ్లోవాళ్లు మాత్రం ‘బీన్’ అనే పిలుస్తారు. పొడవు 20 మీటర్లు, వెడల్పు 13 మీటర్లు, ఎత్తు 10 మీటర్లు, బరువు దాదాపు 100 టన్నులు. ఇంత పెద్ద వస్తువును ఒకే రేకుతో చేయడం కుదిరే పని కాదు. మరి అతుకులేవి? ఎంత దగ్గరికెళ్లి వెతికినా కనబడవు.

ఆ అతుకులు కనబడకుండా చేయడానికే పార్కు తెరిచాక కూడా ఏడాదికి పైగా పని సాగింది. మొదట 60 లక్షల డాలర్లు అనుకున్న ఖర్చు చివరికి 2 కోట్ల 30 లక్షల డాలర్లకు చేరింది. అదే నగరంలో నాలుగడుగులు వేస్తే పికాసో చేసిన మరో ఉక్కు శిల్పం ఉంటుంది. దాని ఒళ్లంతా తుప్పు రంగే, ఆ రంగు కావాలనే ఉంచారు. ఇంకొంచెం ముందుకెళితే అలెగ్జాండర్ కాల్డర్ చేసిన ఎర్ర ‘ఫ్లెమింగో’ కనిపిస్తుంది. దాని బోల్టులు, పట్టీలు అన్నీ బయటికే ఉంటాయి. మూడూ ఉక్కే. ఒకటి అద్దం, ఒకటి తుప్పు, ఒకటి రంగు.

పైకి ఇది శిల్పి అభిరుచికి సంబంధించిన విషయంలా కనిపిస్తుంది. అసలు సంగతి వేరు. పైపొర ఎలా ఉండాలో తేల్చుకున్న రోజే శిల్పానికి ఏ రకం ఉక్కు వాడాలి, ఎలా అతకాలి, ఎవరు చేయగలరు, ఎంత ఖర్చవుతుంది, తర్వాత యాభై ఏళ్లపాటు ఎవరు ఏం చేస్తూ ఉండాలి అన్నవన్నీ తేలిపోతాయి. ఉక్కు శిల్పం జాతకమంతా దాని చర్మంలోనే ఉంటుంది.

ఉలి లేని శిల్పం

రాతి శిల్పి అక్కర్లేని రాయిని తీసేస్తాడు. కంచు విగ్రహం చేసేవాళ్లు అచ్చులో లోహాన్ని పోస్తారు. ఉక్కు శిల్పంలో ఈ రెండూ ఉండవు. రేకులు, పలకలు, పైపులు కోసి, వంచి, ఒకదానికొకటి కలుపుతారు. అందుకే ఈ కళ గుడి శిల్పుల దగ్గరో కంచు పోతల దగ్గరో పుట్టలేదు, ఫ్యాక్టరీలో పుట్టింది. స్పెయిన్‌కు చెందిన హులియో గొంజాలెజ్ 1918లో ప్యారిస్‌లోని రెనో కార్ల ఫ్యాక్టరీలో గ్యాస్ వెల్డింగ్ నేర్చుకున్నాడు. 1928 నుంచి పికాసోకు ఇనుప శిల్పాలు అతికిపెట్టింది ఆయనే. అమెరికాలో డేవిడ్ స్మిత్ 1925లో స్టూడీబేకర్ కార్ల ఫ్యాక్టరీలో పనిచేశాడు, రెండో ప్రపంచ యుద్ధకాలంలో రైలింజన్ల కర్మాగారంలో వెల్డరుగా ఉన్నాడు. కాల్డర్ చదివింది మెకానికల్ ఇంజనీరింగ్. మార్క్ డి సువెరో అయితే స్వయంగా క్రేను నడుపుతూ దూలాలను గాలిలో అమర్చుకుంటాడు.

ఇంత పెద్దవి చేసేటప్పుడు శిల్పి చేతిలో తయారయ్యేది నమూనా మాత్రమే. అసలు శిల్పాన్ని వంతెనలు, ఓడలు, ట్యాంకులు కట్టే ఫ్యాబ్రికేషన్ షాపులే తయారు చేస్తాయి. షికాగో డేలీ ప్లాజాలోని పికాసో శిల్పం ఇందుకు మంచి ఉదాహరణ. పికాసో చేసి ఇచ్చింది మీటరుకు కాస్త పైబడిన నమూనా. దాన్ని 15 మీటర్ల శిల్పంగా మలిచింది ఇండియానా రాష్ట్రం గ్యారీలోని అమెరికన్ బ్రిడ్జ్ కంపెనీ, అంటే వంతెనలు కట్టేవాళ్లు. 147 టన్నుల బరువున్న ఆ శిల్పాన్ని షాపులో ఒకసారి పూర్తిగా బిగించి, విప్పి, షికాగో తెచ్చి మళ్లీ బిగించారు. 1967 ఆగస్టు 15న తెర తీశారు. పికాసో ఆ వేడుకకు రాలేదు. ఆయన జీవితంలో అమెరికా గడ్డ మీద కాలే పెట్టలేదు.

నమూనా నిలబడింది కదా అంటే చాలదు

బల్ల మీద నిలబడ్డ నమూనాను పదింతలు పెంచితే నిలబడుతుందన్న హామీ లేదు, ఇక్కడ లెక్క తెలియాలి. మీటరు బొమ్మను పది మీటర్లు చేశామనుకుందాం. అన్ని కొలతలూ పదింతలైతే బరువు వెయ్యింతలవుతుంది. కానీ ఆ బరువును మోసే కాలి అడ్డుకోత వైశాల్యం వందింతలే పెరుగుతుంది. కాబట్టి కాలి మీద చదరపు సెంటీమీటరుకు పడే ఒత్తిడి పదింతలవుతుంది. పైగా నమూనాకు గాలి తగలదు, ఎండ తగలదు, పిల్లలు ఎక్కరు.

అందుకే నమూనా తర్వాతి మెట్టు ఇంజనీరుది. లేజరు స్కానర్‌తో నమూనాను కంప్యూటర్లోకి ఎక్కించి, లోపల అస్థిపంజరం ఎక్కడ రావాలి, పలక మందం ఎంతుండాలి, ఎక్కడ పట్టీ వేయాలి అని లెక్క కడతారు. ఆ తర్వాత షాపు డ్రాయింగులు వస్తాయి. ప్రతి ముక్కకూ ఒక నంబరు ఉంటుంది. లేజరుతోనో ప్లాస్మాతోనో కోత, రోలర్ల మీద వంపు, చట్రాల మీద అమరిక, వెల్డింగ్ వరసగా సాగుతాయి. లారీ మీద పట్టేంత సైజుకు ఎక్కడ విడదీయాలో కూడా ముందే తేల్చుకోవాలి. క్లౌడ్ గేట్‌ను కాలిఫోర్నియాలోని ఓక్లాండ్‌లో పూర్తిగా బిగించి, పనామా కాలువ మీదుగా ఓడలో షికాగో తేవాలని మొదట అనుకున్నారు. అంత సాహసం వద్దనుకుని పలకలుగానే లారీల్లో తెచ్చి పార్కులో కలిపారు. ఆ ఒక్క నిర్ణయంతో అతుకుల పనంతా షాపు నీడలోంచి ఆరుబయటికి వచ్చింది.

తుప్పుతోనే తుప్పుకు అడ్డు

ఇనుముకు నీరు, గాలి తగిలితే తుప్పు పడుతుంది. మామూలు ఉక్కుకు, అంటే మన వెల్డింగ్ షాపుల్లో ఎమ్మెస్ అని పిలిచేదానికి, పట్టే తుప్పు పొరలు పొరలుగా లేస్తుంది. లేచిన పొర రాలిపోతే కింద కొత్త లోహం బయటపడి మళ్లీ తుప్పు పడుతుంది. అలా తినుకుంటూ పోతుంది.

1930లలో అమెరికాలోని యు.ఎస్. స్టీల్ కంపెనీ ‘కార్టెన్’ అనే ఉక్కు తెచ్చింది. బొగ్గు వ్యాగన్లను తుప్పు త్వరగా తినేయకుండా ఉండటానికి చేసింది అది. అందులో కొద్దిగా రాగి, క్రోమియం, నికెల్, ఫాస్ఫరస్ కలుస్తాయి. ఈ ఉక్కుకూ తుప్పు పడుతుంది, కాకపోతే ఆ తుప్పు రాలదు. పుండు మీద పక్కు కట్టినట్టు దట్టంగా అంటుకుని, కింది లోహానికి నీరు, గాలి చేరకుండా అడ్డుపడుతుంది. మొదట నారింజ రంగులో ఉండి, కొన్నేళ్లకు ముదురు గోధుమ రంగుకు తిరుగుతుంది. రంగు వేయనక్కర్లేదు, మళ్లీ మళ్లీ గీకి పూయనక్కర్లేదు. షికాగో పికాసోకు వాడింది ఇదే. దాని వెనకున్న డేలీ సెంటర్ భవనానికి కూడా ఇదే ఉక్కు. ఢిల్లీ ఇనుప స్తంభం ఇన్ని శతాబ్దాలు నిలవడానికి అందులోని ఫాస్ఫరస్ ఒక కారణమని లోహశాస్త్రవేత్తలు చెప్పేదీ ఇలాంటి రక్షణ పొర గురించే.

అయితే ఈ ఉక్కుకు కొన్ని షరతులున్నాయి. పొర గట్టిపడాలంటే తడుస్తూ ఆరుతూ ఉండాలి. ఎప్పుడూ తడిగా ఉంటే పొర కుదరదు, తుప్పు లోపలికి పోతూనే ఉంటుంది. అట్లాంటాలో 1972లో ఈ ఉక్కుతో కట్టిన ఓమ్నీ క్రీడా భవనానికి అక్కడి ఉక్కపోత వాతావరణంలో తుప్పు ఆగలేదు. 1997లో దాన్ని కూల్చేశారు. రెండో షరతు ఉప్పుగాలి. సముద్రం దగ్గర గాలిలోని క్లోరైడు ఆ పొరను స్థిరపడనివ్వదు. కాబట్టి విశాఖ బీచ్ రోడ్డు మీద కార్టెన్ శిల్పం పెట్టాలని ఎవరైనా ఉత్సాహపడితే, అది కొన్నేళ్లలో పొరలుగా ఊడుతుందని ముందే చెప్పాలి. హైదరాబాదులాంటి పొడి చోట అదే ఉక్కు హాయిగా నిలుస్తుంది. ఎక్కడైనా సరే, మొదటి కొన్ని వర్షాలకు కారే తుప్పునీరు కింది గచ్చును మరక చేస్తుంది. ఆ నీరు ఎటు పోవాలో శిల్పం కింద కాలువ గీసే రోజే ఆలోచించాలి. నీరు నిలిచే గుంటలు, సందులు శిల్పంలోనే ఉండకూడదు. లోపల బోలుగా ఉండే భాగాల్లో చేరిన తేమ బయటికి పోవడానికి అడుగున రంధ్రాలు పెట్టాలి.

గాలి లెక్క

కార్టెన్ రకం ఉక్కుతోనే ఇంగ్లండ్‌లోని గేట్స్‌హెడ్‌లో ఆంటొనీ గోర్మ్లీ ‘ఏంజెల్ ఆఫ్ ది నార్త్’ చేశాడు. 1998 ఫిబ్రవరిలో నిలబెట్టారు. పాత బొగ్గుగని చోటున, గుట్ట మీద, రెండు రెక్కలు బార్లా చాపి నిలబడ్డ మనిషి ఆకారం అది. ఎత్తు 20 మీటర్లు, రెక్కల ఈ కొస నుంచి ఆ కొసకు 54 మీటర్లు. మొండెం 100 టన్నులు, ఒక్కో రెక్క 50 టన్నులు. వెడల్పు ఎత్తుకు రెండున్నర రెట్లకు పైనే, అదీ గాలికి అడ్డంగా.

గాలి ఒత్తిడి వేగంతో పాటు మామూలుగా పెరగదు. వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగింతలవుతుంది. ఏంజెల్‌ను గంటకు 160 కిలోమీటర్ల పైబడిన గాలికి తట్టుకునేలా కట్టారు. ఆ వేగంలో ఎదురుగా ఉన్న ప్రతి చదరపు మీటరు మీద దాదాపు 125 కిలోల తోపు పడుతుంది. రెక్కల వైశాల్యంతో దాన్ని గుణిస్తే, మొత్తం శిల్పాన్ని వెనక్కి పడదోయాలని చూసే బలం ఎంతో అర్థమవుతుంది. పైగా ఆ బలం పనిచేసేది నేల నుంచి చాలా ఎత్తున. ఎత్తు పెరిగేకొద్దీ మీట పొడవు పెరిగినట్టే, పాదం దగ్గర పడే భారం పెరుగుతుంది.

ఈ భారాన్ని దించడానికి రెండు ఏర్పాట్లు చేశారు. ఒకటి పైకి కనిపించేది. ఏంజెల్ ఒంటి మీద నిలువునా, రెక్కల మీద అడ్డంగా పట్టెలు పట్టెలుగా ఉబ్బి ఉండే కమ్మీలు అలంకారం కోసం పెట్టినవి కావు. శిల్పానికి ఎముకలు అవే. మనిషికి లోపలుండే అస్థిపంజరం దీనికి బయట ఉంది. గాలి తోపు రెక్కల నుంచి ఆ కమ్మీల గుండా మొండానికి, మొండెం నుంచి మడమలకు దిగుతుంది. రెండోది కంటికి కనిపించదు. శిల్పం 200 టన్నులైతే, దాన్ని పట్టి ఉంచే పునాదిలోని కాంక్రీటు 600 టన్నులు. ఆ పునాది 21 మీటర్ల కింద ఉన్న రాతిని పట్టుకుని ఉంది. అంటే శిల్పం పైకి ఎంత ఎత్తుందో నేలలోకీ అంత లోతుంది.

మనకు ఈ లెక్క కొత్తదేమీ కాదు. ఇండియన్ స్టాండర్డ్ 875 మూడో భాగం ఏ ఊళ్లో ఎంత గాలికి కట్టాలో చెబుతుంది. హైదరాబాదుకు సెకనుకు 44 మీటర్లు, విశాఖపట్నానికి 50 మీటర్లు. గంటల్లోకి మారిస్తే సుమారు 158, 180 కిలోమీటర్లు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు విశాఖ ఆ రెండో అంకెను కళ్లారా చూసింది. వేగంలో తేడా 14 శాతమే అయినా ఒత్తిడిలో తేడా దాదాపు 30 శాతం. కాబట్టి హైదరాబాదులో నిలబడ్డ డిజైను విశాఖకు యథాతథంగా పనికిరాదు.

అద్దం వెనక అరగదీత

ఇప్పుడు మళ్లీ క్లౌడ్ గేట్ దగ్గరికి వద్దాం. దాని చర్మం స్టెయిన్‌లెస్ స్టీలు. ఇందులోని క్రోమియం గాలితో కలిసి, కంటికి కనపడనంత పలచని పొరగా పైన ఏర్పడుతుంది. గీత పడినా ఆ పొర మళ్లీ తనంతట తాను పుడుతుంది, అందుకే తుప్పు పట్టదు. స్టెయిన్‌లెస్ అంతా ఒకటే అనుకోవడం పొరపాటు. మన బజారులో 202, 304, 316 అని గ్రేడులు ఉంటాయి. చవగ్గా వచ్చే 202తో చేసిన రెయిలింగు సముద్రపు ఒడ్డున కొద్ది కాలానికే గోధుమ రంగు మరకలు తేలుతుంది. 316లో మాలిబ్డినం కలుస్తుంది కాబట్టి ఉప్పును బాగా తట్టుకుంటుంది. షికాగోలో చలికాలం మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. క్లౌడ్ గేట్‌కు 316ఎల్ రకం వాడటంలో ఉన్న అర్థం అదే.

దీనికి 168 పలకలు పట్టాయి. ఒక్కోటి సుమారు 10 మిల్లీమీటర్ల మందం, 450 నుంచి 900 కిలోల బరువు. కంప్యూటరు చెప్పిన వంపుకు ప్రతి పలకనూ విడిగా వంచారు. లోపల రెండు పెద్ద ఉక్కు వలయాలు, వాటిని కలిపే ట్రస్సు ఉన్నాయి. పలకల మధ్య వెల్డింగ్ మొత్తం పొడవు 2,442 అడుగులు, అంటే ముప్పావు కిలోమీటరు.

వెల్డింగ్ చేసిన చోట ఏం జరుగుతుందో దగ్గర నుంచి చూద్దాం. కరిగిన లోహం గట్టిపడి ఒక గీత మిగులుతుంది. వేడికి రెండు వైపులా పలక కొద్దిగా ముడుచుకుంటుంది. గరుకు గోడ అయితే ఆ వంకర ఎవరికీ తెలియదు. అద్దంలో మాత్రం దాచలేం. అర మిల్లీమీటరు లోటు ఉన్నా, ఎదురుగా ఉన్న మేడ గీత ఆ చోట మెలి తిరుగుతుంది. అందుకని ఐదు దశల్లో పని చేశారు. మొదట 40 నంబరు గరుకుతో గ్రైండరు పట్టి వెల్డింగ్ గుబ్బను కోసేశారు. తర్వాత బెల్టు సాండర్లతో 60, 80, 120 నంబర్ల మీదుగా చుట్టుపక్కల వంపుతో అతుకును కలిపారు. ఇంకా సన్నని బెల్టుతో 400 దాకా వెళ్లి నున్నగా చేశారు. నాలుగో దశలో 800 నంబరు దాకా వెళ్లి సన్నగీతలు పోగొట్టారు. చివర బఫింగ్ చక్రం మీద రూజ్ అనే ఎర్రటి మైనంలాంటి పాలిష్ పూసి అద్దం చేశారు. ఒక దశలో పడిన గీతను తర్వాతి దశ పూర్తిగా తీసేయాలి. తొందరపడి ఒక్క నంబరు దాటేస్తే, 40 నంబరు చేసిన గీత చివర బఫింగ్ అయ్యాక మళ్లీ తేలుతుంది. అప్పుడు మొదటికి రావాల్సిందే. ఆ పనికి పనివాళ్లు తాళ్లు కట్టుకుని వేలాడుతూ, శిల్పం మీద వేసిన గుడారం కిందే కొన్ని నెలలు గడిపారు. 2004 జులైలో పార్కు తెరిచినప్పుడు శిల్పాన్ని అతుకులతోనే జనానికి చూపించి, తర్వాత మళ్లీ మూసేశారు. 2005 ఆగస్టు 28న గుడారం తీసేశారు. 2006 మే 15న అధికారికంగా అంకితం చేశారు.

స్టెయిన్‌లెస్ పనిలో ఇంకో జాగ్రత్త ఉంది. మామూలు ఇనుము మీద వాడిన గ్రైండింగ్ చక్రాన్ని దీని మీద పెట్టకూడదు. చక్రానికి అంటుకున్న ఇనుప రజను స్టెయిన్‌లెస్‌లోకి దిగి, మొదటి వానకే చుక్కలు చుక్కలుగా తుప్పు కక్కుతుంది. మన వీధుల్లో కొత్త ఎస్సెస్ గేట్ల మీద కనిపించే గోధుమ చుక్కల్లో చాలావాటికి కారణం ఇదే. తప్పు ఉక్కుది కాదు, చక్రానిది.

ఇక వేడి. స్టెయిన్‌లెస్ స్టీలు మామూలు ఉక్కు కన్నా ఎక్కువ సాగుతుంది. 20 మీటర్ల పొడవున్న వస్తువుకు చలి నుంచి ఎండకు 60 డిగ్రీల తేడా వస్తే దాదాపు 19 మిల్లీమీటర్లు పెరుగుతుంది. లోపలి చట్రం నీడలో ఉంటుంది, వెంటనే సాగదు. రెండింటినీ గట్టిగా బిగిస్తే అతుకులు చీలతాయి, లేదా పలక ఉబ్బుతుంది. అందుకే క్లౌడ్ గేట్ చర్మాన్ని చట్రానికి బిగపట్టలేదు. కాస్త కదిలే వీలున్న జోడింపులతో కలిపారు. ఎండకు సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది, చట్రం మీద భారం పడదు.

దాని కింద ఉన్నది గట్టి నేల కూడా కాదు. ఆ పార్కు ఒక కార్ల పార్కింగ్ మీద, రైలు పట్టాల మీద కట్టిన కప్పు. శిల్పం సరిగ్గా కిందే ఒక రెస్టారెంటు ఉంది. 100 టన్నుల బరువును ఏ గోడ మీదకు దించాలన్నది తేల్చాకే పని మొదలైంది.

పొలుసుల గుర్రాలు

అద్దం ఇంత కష్టమైతే, అతుకులు దాచకుండా స్టెయిన్‌లెస్ వాడే దారి లేదా? ఉంది. స్కాట్లాండ్‌లోని ఫాల్కర్క్‌లో హెలిక్స్ పార్కులో ఆండీ స్కాట్ ‘కెల్పీస్’ అనే రెండు గుర్రం తలలు నిలబెట్టాడు. ఒక్కోటి 30 మీటర్ల ఎత్తు, 300 టన్నులు. ఒకప్పుడు అక్కడి కాలువల్లో పడవలు లాగిన భారీ క్లైడ్స్‌డేల్ గుర్రాలకు గుర్తుగా చేసినవి. 2013లో బిగించారు, మరుసటి ఏడాది జనానికి తెరిచారు.

శిల్పి ముందు మూడు మీటర్ల నమూనాలు చేశాడు. వాటిని స్కాన్ చేసి పదింతలు పెంచారు. లోపల ఉక్కు గొట్టాల పెద్ద చట్రం, దాని మీద వందల కొద్దీ స్టెయిన్‌లెస్ పలకలు. పలకకూ పలకకూ మధ్య ఖాళీ వదిలారు. ఆ ఖాళీ మూడు పనులు చేస్తుంది. గాలిలో కొంత లోపలి నుంచి పోతుంది. ఎండకు ప్రతి పలకా తన పాటికి తాను సాగుతుంది. రాత్రి లోపల వెలిగించిన దీపాలు పొలుసుల సందుల్లోంచి బయటికి కనిపిస్తాయి. ఖాళీ కనపడకూడదని క్లౌడ్ గేట్ అంత డబ్బు పోస్తే, ఖాళీనే అందంగా మార్చుకుని కెల్పీస్ అదే చిక్కును దాటాయి. తళుకు కోరుకున్న ఇద్దరు శిల్పులు అతుకు విషయంలో చెరో దారి పట్టారు.

రంగు వేస్తే చవక, కానీ

మూడో చర్మం రంగు. ఎమ్మెస్ ఉక్కు చవక, కోయడం తేలిక, వెల్డరు ఎక్కడైనా దొరుకుతాడు. 1974లో కాల్డర్ చేసిన ఫ్లెమింగో 16 మీటర్ల ఎత్తు, దాదాపు 45 టన్నులు. చుట్టూ ఉన్న నల్లటి అద్దాల మేడల నడుమ ఆ ఎర్ర రంగే దాని ప్రాణం. పలకలు వణక్కుండా వేసిన అడ్డపట్టీలు, బోల్టులు దాచలేదు. అవి శిల్పంలో భాగమే.

రంగు నిలవాలంటే రంగు కింద ఉన్నదే ముఖ్యం. మన దగ్గర గేటుకు వేసినట్టు తుప్పు మీదే ఒక చేయి రెడాక్సైడు, పైన ఎనామిల్ కొడితే రెండో వానాకాలానికే పొక్కులు లేస్తాయి. పద్ధతి ప్రకారం అయితే ముందు ఇసుకలాంటి రజనును ఒత్తిడితో కొట్టి ఉక్కును తెల్లబడేదాకా శుభ్రం చేయాలి. వెంటనే జింకు ఎక్కువగా ఉన్న ప్రైమరు, దాని మీద ఎపాక్సీ, పైన ఎండను తట్టుకునే పాలీయురథేన్ వేస్తారు. జింకు తాను కరుగుతూ ఇనుమును కాపాడుతుంది. ఇంత చేసినా ఎండకు రంగు వెలవక తప్పదు. ఎరుపు మరీ త్వరగా వెలుస్తుంది. కాబట్టి రంగు శిల్పం అంటే కొన్నేళ్లకోసారి పరంజా కట్టి, గీకి, మళ్లీ వేసే ఖర్చు కూడా దాని ధరలో భాగమే. కొనేటప్పుడు తగ్గిందనుకున్న డబ్బును తర్వాత వాయిదాల్లో కట్టడమన్నమాట.

జనం తాకిడి

పార్కులో పెట్టే శిల్పానికి మ్యూజియంలో ఉన్న దానికి లేని పరీక్ష జనం. పిల్లలు ఎక్కుతారు, పెద్దలు ఆనుకుంటారు, ఎవరో ఒకరు పేరు గీకుతారు. అందుకే అంచులు గుండ్రంగా మలుస్తారు. తల దూరి ఇరుక్కునే సందులు ఉండకుండా చూస్తారు. పిడుగు పడితే కరెంటు నేలలోకి దిగేలా ఎర్త్ కలుపుతారు. మన ఎండల్లో ఇంకొకటి చూడాలి. మే నెల మధ్యాహ్నం ఎండలో ఉన్న ఉక్కు పలకను పసిపిల్ల తాకితే చేయి కాలుతుంది. మెరిసే పుటాకార తలం ఎండను ఒకచోట పోగుచేస్తుంది కూడా. లాస్ ఏంజెలెస్‌లోని వాల్ట్ డిస్నీ సంగీత మందిరం మెరిసే గోడల వేడి పక్క ఇళ్ల మీద పడుతుంటే, 2005లో ఆ పలకలను గరుకుగా రుద్దాల్సి వచ్చింది.

జనం మనసు కూడా లెక్కలోకి రావాలి. 1981లో న్యూయార్క్ ఫెడరల్ ప్లాజాలో రిచర్డ్ సెరా ‘టిల్టెడ్ ఆర్క్’ పెట్టాడు. దాదాపు 37 మీటర్ల పొడవు, 3.7 మీటర్ల ఎత్తున్న తుప్పు రంగు ఉక్కు గోడ అది. ఆ ఆవరణను అడ్డంగా చీల్చింది. అక్కడ పనిచేసేవాళ్లు రోజూ చుట్టు తిరిగి వెళ్లాల్సి వచ్చింది. ఫిర్యాదులు, విచారణ, కోర్టు అన్నీ అయ్యాక 1989 మార్చిలో ముక్కలు చేసి తీసుకెళ్లారు. మిషిగన్‌లోని గ్రాండ్ ర్యాపిడ్స్‌లో 1969లో కాల్డర్ పెట్టిన ఎర్ర శిల్పానికీ మొదట్లో వ్యతిరేకత వచ్చింది. తర్వాత ఆ నగరం దాన్నే తన అధికారిక చిహ్నంగా చేసుకుంది. ఏంజెల్ ఆఫ్ ది నార్త్‌నూ కట్టకముందు తిట్టినవాళ్లు ఎక్కువే. ఇంజనీరు లెక్క ప్రకారం నిలబడే శిల్పమైనా, ఊరు ఒప్పుకుంటేనే అక్కడ మిగులుతుంది.

మన దగ్గర

తెలుగు నేల మీద ఉక్కు శిల్పం రకరకాలుగా కనిపిస్తోంది. హైదరాబాదులో 2023 ఏప్రిల్ 14న, విజయవాడలో 2024 జనవరి 19న ఆవిష్కరించిన 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహాలు పైకి కంచు, లోపల ఉక్కు. గాలిని మోసేదీ నిలబెట్టేదీ ఆ కనిపించని చట్రమే. హుస్సేన్‌సాగర్ ఒడ్డున 2023 జూన్ 22న ప్రారంభమైన తెలంగాణ అమరవీరుల స్మారకం దీపం ఆకారంలో, అతుకులు కనబడని స్టెయిన్‌లెస్ పలకలతో మెరుస్తుంది. ఎం.వి. రమణారెడ్డి రూపకల్పన చేసిన ఆ కట్టడం షికాగో తళుకుకు దగ్గరి చుట్టం. తెనాలిలో కాటూరి వెంకటేశ్వరరావు, ఆయన కుమారుడు రవిచంద్ర పాత నట్లు, బోల్టులు, గేర్లు వెల్డింగ్ చేసి నిలువెత్తు బొమ్మలు చేస్తున్నారు. పాత మోటారు సామాన్లను కళగా మార్చే ఆ పద్ధతి గొంజాలెజ్, స్మిత్‌లు నడిచిన దారికి దగ్గరగా ఉంటుంది. అక్కడ అందమంతా అతుకులోనే ఉంది.

తుక్కు శిల్పానికి ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. వేల నట్ల మధ్య వేల సందులు ఉంటాయి. ప్రతి సందులో నీటి చుక్క నిలుస్తుంది, బ్రష్షు అందదు. కాబట్టి పార్కుకు వెళ్లే ముందు రక్షణ పూత సందుల్లోకి దిగేలా వేయాలి, తర్వాత ఏటా చూసుకోవాలి.

చివరికి పన్ను కట్టే పౌరుడిగా మనం అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. మున్సిపాలిటీ పార్కులో భారీ ఉక్కు శిల్పం ప్రకటిస్తే, ఎత్తు ఎన్ని అడుగులు అని పత్రికలు రాస్తాయి. దానికంటే ముందు తెలియాల్సింది వేరు. పైపొర ఏమిటి, తుప్పా, తళుకా, రంగా? మన ఊరి గాలికి, తేమకు, ఉప్పుకు అది సరిపడుతుందా? పునాది లెక్క ఏ గాలి వేగానికి కట్టారు? నీరు ఎటు పోతుంది? అన్నిటికన్నా ముఖ్యంగా, ఏటా నిర్వహణకు ఎంత కేటాయించారు, ఆ పని ఎవరిది? క్లౌడ్ గేట్ అడుగు భాగాన్ని, మనిషి చేయి అందే ఎత్తు వరకు, రోజుకు రెండుసార్లు చేత్తో తుడుస్తారు. ఏడాదికి రెండుసార్లు దాదాపు 150 లీటర్ల సబ్బు ద్రవంతో ఒళ్లంతా కడుగుతారు. ఆ తుడిచేవాళ్ల జీతం శిల్పం బడ్జెట్‌లో లేకపోతే, ఎంత గొప్ప శిల్పి గీసిన అద్దమైనా పదేళ్లకు మసిబారిన రేకే. టెండరు కాగితంలో శిల్పి పేరు పక్కనే నిర్వహణ పద్దు కూడా ఉందో లేదో చూడండి. లేదంటే ఆ పార్కుకు శిల్పం కాక మరో శిథిలం వస్తోందని ముందే తెలుసుకోవచ్చు.